బంగారుపాము చెప్పిన సాక్ష్యము

క్రిందటి నెల ఈ పుటలో మేము భారతమందలి శకుంతలోపాఖ్యానమును గూర్చి నాలుగు మాటలు వ్రాసియుంటిమి. దానిని జదివిన సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. వారి ప్రశ్న చిన్నది. ఆకాశవాణి పలుకకపోయినచో ఆ తల్లి యేమి చేసియుండెడిదని వారడిగిరి. ఈ ప్రశ్న మమ్ము పదునైదు దినములు విడువలేదు.

ఉంగరము కాళిదాసుని కల్పన యని మీలో చాలమంది యెరుగుదురు. నన్నయభట్టారకుని భారతమున నుంగరమును లేదు, దుర్వాసుని శాపమును లేదు. రాజు మరచినవాడు కాడు. అన్నియు నెరిగియే నిండుకొలువున కాదనెను. ఆ తల్లి ధర్మము చెప్పినది, సత్యము చెప్పినది, బిడ్డను ముందు నిలిపి చూపినది. ఆ మాటలకంటె బలమైన మాటలు మన వాఙ్మయమున నరుదు. అయినను మాటలతో పని జరుగలేదు, ఆకసము పలుకవలసివచ్చెను. కావ్యము కనుక పలికినది. మన యూళ్ళలో పలుకదు.

మాకు ఎనిమిదేండ్ల ప్రాయమున జరిగిన సంగతి యొకటి కలదు. మా అమ్మమ్మగారి యింట అంట్లు తోముటకు ఒకామె వచ్చుచుండెడిది. చంకలో ఏడాది పిల్లవాడు. ఆ పిల్లవాని తండ్రి యని ఆమె చెప్పినవాడు ఊరిలో మాట చెల్లుబాటు గల యింటివాడు. అతడు కాదనెను. పెద్దలు రావిచెట్టు క్రింద గూర్చుండిరి. "ఆమె ఔననుచున్నది, అతడు కాదనుచున్నాడు, చూచినవారెవ్వరు?" అని యొక పెద్దమనిషి యడిగెను. అట్టిదానికి చూచినవారెక్కడనుండి వత్తురు? అమ్మమ్మ అరుగుమీద నిలువబడి యంతయు విని లోనికి వచ్చినది. ఆ రాత్రి యన్నము ముట్టలేదు. మరునాడు ఆమె పిల్లవానిని చంకనిడుకొని వెడలిపోయినది. ఎక్కడికో నేటికిని మాకు దెలియదు.

ఆనాటికే, మా యూరినుండి ఒక రాత్రి ప్రయాణపు దూరమున నున్న హైదరాబాదు నగరమున, అట్టి తగవును దీర్పగల పరీక్ష యొకటి పుట్టి కొన్నేండ్లు గడచియున్నది. ఈ సంగతి మాకు దెలిసినది పెండ్లియైన పిమ్మట, మావారి పాఠశాలలో పాత పత్రికలు తిరుగవేయునప్పుడు. ఆ పరీక్షను మన దేశమున నిలిపినవారు లాల్జీ సింగుగారు. సోదరి ప్రశ్నకు వారి కథయే మా జవాబు. కొంచెము చుట్టుదారి, ఓపికతో చదువుడు. దారిలో పాములు కూడ నున్నవి.

లాల్జీ సింగుగారు 1947వ సంవత్సరము జూలై 5వ తేదీన ఉత్తరప్రదేశమున జౌన్‌పూరు జిల్లాలోని కల్వారీ యను పల్లెలో వ్యవసాయకుటుంబమున జన్మించిరి. ఎనిమిదవ తరగతి వరకు ఊరిబడిలో చదివిరి. అటుపై చదువుటకు ప్రతాప్‌గంజ్ పోవలెను. అది ఆరేడు కిలోమీటర్లు. పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయము చేరి, జంతుశాస్త్రమున పట్టము పొంది, 1971లో డాక్టరు బిరుదమందిరి. గురువు ఎస్. పి. రాయ్‌చౌధురిగారు. శిష్యుడు పట్టిన విషయము పాముల క్రోమోజోములు.

పాములతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ యింట తల్లియు అడిగియేయుండును. క్రోమోజోము లనగా జీవకణములలో నుండు సన్నని పోగులు. తల్లిదండ్రులనుండి బిడ్డకు వచ్చు లక్షణములన్నియు వానిలో వ్రాసియుండును. మనుష్యులలో బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రినుండి వచ్చు పోగు. (ఆడపిల్లను గన్నదని కోడలిని సాధించు అత్తగార్లు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను.) పెక్కు పాములలో నిది తలక్రిందులు. అచ్చట ఆడుదానికే రెండు వేర్వేరు పోగులుండును; వానిని జెడ్ అనియు డబ్ల్యూ అనియు పిలుతురు. మగపామునకు రెండును జెడ్‌లే. అందుచేత అట్టి పాములలో పిల్ల ఆడయో మగయో తేల్చునది తల్లి. ఇందు మరియొక విశేషము. కొండచిలువ వంటి పాతజాతులలో ఆడ మగ నిర్ణయించు రెండు పోగులును చూపునకొక్కటిగనే యుండును. కట్లపాము వంటి విషజాతులలో డబ్ల్యూ పూర్తిగా వేరైపోయినది. ఆడ మగ భేదము సృష్టిలో మెట్టు మెట్టుగా నెట్లేర్పడెనో చూడగోరువానికి పాముల కులమంతయు వరుసగా పేర్చిన గ్రంథమువలె నున్నది. ఆ యువకుడు దానిని విప్పి చదువదొడగెను. 1974లో భారత జాతీయ విజ్ఞాన అకాడమీ యువశాస్త్రజ్ఞుల పతకమిచ్చి ఆయనను మన్నించినది.

ఇంతలో వారి చేతికి ముఖ్యముగా జిక్కిన పామును గూర్చి చెప్పక ముందునకు పోలేము. నలుపు పసుపు పట్టెలు ఒకదాని తరువాత నొకటిగా ఒళ్ళంతయు చుట్టియుండు విషసర్పమది. పూర్వము ఈస్టిండియా కంపెనీవారి కొలువున విశాఖపట్టణమునందుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో అచ్చైన గ్రంథమున దీనిని వర్ణించి, స్థానికులు చెప్పిన తెలుగు పేరునే వ్రాసికొనెను. ఆ పేరు బంగారుపాము. ఆ తెలుగుమాటనుండియే 1803లో ఫ్రెంచి పండితుడొకడు ఆ జాతి కంతకును "బుంగారస్" అని శాస్త్రనామమిడెను. నేటికిని ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందరును కట్లపాముల వంశమును మన బంగారముతోనే పిలుచుచున్నారు. ఆ పేరు చెప్పిన పాములవాని పేరు మాత్రము ఏ గ్రంథమునను లేదు.

1974లో సింగుగారు కామన్వెల్తు విద్యార్థివేతనముతో స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పోయి, 1987 వరకు అచ్చటనే పరిశోధించిరి. కెన్నెత్ జోన్సుగారు వారి సహచరుడు. క్రోమోజోములలో నున్న పదార్థము డీఎన్ఏ యని మీరు పత్రికలలో చదివియుందురు. అది నాలుగే యక్షరములతో వ్రాసిన పొడవైన వ్రాత: ఏ, టీ, జీ, సీ. బంగారుపాము డీఎన్ఏను అతివేగముగా దిరుగు యంత్రమున నుంచినప్పుడు, కవ్వపు తిరుగుడుకు వెన్న వేరైనట్లు, ఒక చిన్నభాగము వేరుగా నిలిచెను. దానికి బీకేఎమ్ అని పేరిడిరి. ఆ చిన్నభాగము ఆడపాము డబ్ల్యూ పోగున మెండుగా నున్నది. ఈ సంగతిని వారు 1980లో ప్రకటించిరి. పిమ్మట దాని యక్షరములు చదివిచూడగా అందు ఒకే పల్లవి మరల మరల వచ్చుచున్నది: జీ-ఏ-టీ-ఏ, జీ-ఏ-టీ-ఏ, జీ-ఏ-టీ-ఏ.

ఇట్టి పునరుక్తి పామునందే యుండిన మనకేమి? కాని యెలుకలో వెదకగా కనబడెను. మనుష్యునిలో వెదకగా కనబడెను. మన క్రోమోజోములలో ననేకచోట్ల ఆ పల్లవి యున్నది. ఎన్నిసార్లు తిరిగివచ్చునన్నది మాత్రము మనిషి మనిషికిని వేరు. ఒకచోట ఒకరికి పదునొకండు, మరియొకరికి పదునారు. పదార్థమొక్కటియే, కొలత వేరు.

ఆ కాలముననే, 1984 సెప్టెంబరులో, ఇంగ్లండునందు లీస్టరు నగరమున అలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు వేరొక పునరుక్తిని బట్టి మనుష్యులను గుర్తింపవచ్చునని కనుగొనెను. మరుసటి యేడు ఘనాదేశమునుండి వచ్చిన యొక బాలుడు తన తల్లికడ నుండుటకు అధికారు లడ్డుపడగా, ఈ పరీక్ష అతడు ఆ తల్లి బిడ్డయే యని తేల్చెను. ఈ విద్య లోకమున మొదట చేసిన పని ఒక తల్లిని బిడ్డను కలుపుట.

1987లో సింగుగారు స్వదేశమునకు మరలివచ్చి హైదరాబాదునందలి సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రమున జేరిరి. సీసీఎంబీ యని దానిని వ్యవహరింతురు. పుష్పమిత్ర భార్గవగారు దానికి సంస్థాపకులు. విదేశపు విధానము నరువు తెచ్చుకొన నక్కర లేకుండ, తమ పాము చూపిన పల్లవి తోడనే మనుష్యుని గుర్తింపవచ్చునని 1988లో సింగుగారు నిరూపించిరి. పదునెనిమిదేండ్లు ఆడపాము చుట్టు దిరిగిన పని ఇంటిలోనికి వచ్చినది.

పరీక్ష యెట్లు జరుగునో చెప్పెదము. ఒకే నేతగాడు నేసిన చీరలను తలపుడు. అంచున అదే నెమలి, అదే నెమలి. ఒక చీర అంచున నెమళ్ళు దగ్గరదగ్గరగా పదియున్న చోట మరియొకదానికి పదునాలుగు. ఇప్పుడు నెమళ్ళకు కొంచె మివతల కొంచె మవతల ఒక నియమమైన పువ్వు కనబడిన చోటనే కత్తిరింపుమన్నచో, ఒక చీరనుండి పొట్టిముక్క, ఇంకొకదానినుండి పొడుగుముక్క వచ్చును. డీఎన్ఏను గూడ ఎంజైములను కత్తెరలు ఇట్లే నియమమైన యక్షరముల చోటనే తునుకలు చేయును. ఆ తునుకలను సముద్రపు నాచునుండి తీసిన పదార్థముతో చేసిన మెత్తని పలక యొక యంచున నుంచి విద్యుత్తు పారింతురు. చిన్నముక్కలు దూరము పరుగెత్తును, పెద్దవి వెనుకబడును. పిదప రేడియోధార్మికత గల బీకేఎమ్‌ను వానిపై వదలినచో, అది తన పల్లవి యున్న ముక్కలనే వెదకి పట్టుకొనును. ఎక్స్‌రే ఫిలిమును మీద నుంచగా నల్లని గీతలు తేలును. నిచ్చెన మెట్లవలె నుండు ఆ గీతల వరుసయే మనిషి గుర్తు. కవలలుగా పుట్టి ఒక్క పోలికయైనవారికి తప్ప మరి యిద్దరికి ఒక్కరీతి యుండదు.

బిడ్డ గీతలలో సగము తల్లివి, సగము తండ్రివి. తల్లివద్ద నున్న గీతలు తీసివేయుడు. మిగిలిన గీతలన్నియు తండ్రివద్ద కనబడవలెను. రావిచెట్టు క్రింద అడిగిన ప్రశ్నకు, చూచినవారెవ్వరను ప్రశ్నకు, జవాబు బిడ్డ యొంటిలోనే యున్నది.

ఇది మన న్యాయస్థానములలో మొదట నిలిచినది కేరళమునందు. తలశ్శేరిలో ఒక స్త్రీ తన కుమారునికి భరణమిప్పింపుమని మేజిస్ట్రేటును వేడినది. ఆ పురుషుడు బిడ్డ తనది కాదనెను. కోర్టువారు ముగ్గురి రక్తమును హైదరాబాదునకు పంపిరి. ఆడబంగారుపాము నుండి తీసిన పల్లవితో గీతలు తీసి చూచిరి, బిడ్డ అతనిదే. సింగుగారు స్వయముగా సాక్షియై పోయి, ఈ శాస్త్రమన నేమో తెలియని న్యాయస్థానమునకు మొదటినుండి బోధించిరి. మేజిస్ట్రేటు దానిని సాక్ష్యముగా గ్రహించెను. 1991లో కేరళ హైకోర్టు ఆ తీర్పును ఖాయపరచెను. ఈ చోటు చదివినప్పుడు మాకు మా అమ్మమ్మ అరుగు గుర్తునకు వచ్చి పత్రిక మూసివేసితిమి. ఆమె యూరు విడిచినది ఆ తీర్పునకు పిమ్మటనే. ఊరిలో చదువుకొన్నవారు పదిమందికి తక్కువ లేరు. ఒక్కరికిని ఈ వార్త తెలియదు. తెలిసినవా డుండినను పెదవి విప్పలేదేమో.

తరువాతి సంగతులు పత్రికలలో పెద్ద యక్షరములతో పడినవి. అందులో నొక్కటి మాత్రము చెప్పెదము. తమిళనాట తిరుచిరాపల్లి చేరువ ఆశ్రమము పెట్టుకొని, దిక్కులేని బాలికలను బిడ్డలవలె పెంచుచున్నానని చెప్పుకొన్న యొకడు వారినే చెరచెను. ఆ బాలికల మాట నమ్మినవారికంటె అతని కాళ్ళకు మ్రొక్కినవారే యెక్కువ. వారిలో నొకతె గర్భస్రావమైన పిండమునుండి డీఎన్ఏ తీసి చూడగా తండ్రి యతడే యని తేలెను. విదేశమునుండి నిపుణుని రప్పించి వాదింపజూచినను నిలువలేదు. 1997లో న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించెను. 2005లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను.

ఇంతవరకు చెప్పి ఊరకుండిన మేము సగమే చెప్పినవారమగుదుము. కత్తికి రెండు వైపుల పదునుండును. భార్యపై కారణము లేని యనుమానము పెంచుకొన్న భర్త, బిడ్డ రక్తము పరీక్షింపుమని కోర్టు మెట్లెక్కుట మొదలైనది. సీతకు లంకలో జరిగినది ఇంటింట జరుగరాదు గదా. మన చట్టము, దంపతులు కలిసి కాపురము చేయుచుండగా పుట్టిన బిడ్డ వారిదేయని మొదటనే యెంచును. 1993లో సుప్రీంకోర్టు, అడిగినదే తడవుగా ఇట్టి పరీక్షకు ఉత్తరువీయరాదనియు, ఎవ్వరిని బలవంతముగా రక్తమిమ్మన రాదనియు చెప్పెను. 2023 ఫిబ్రవరిలో మరల, తల్లిదండ్రుల తగవులోనికి బిడ్డను లాగి వాని పుట్టుకను ఊరక శంకింపజేయ వీలులేదనియు, అది బిడ్డకు గల హక్కనియు తీర్పు చెప్పెను. మాకు ఈ తీర్పు నచ్చినది. తన కడుపున పుట్టినవానికి అన్నము గోరి తల్లి యడుగుట వేరు. అనుమానము చల్లార్చుకొనుటకు తండ్రి యడుగుట వేరు. రెండిటికిని రక్తమొక్కటే యైనను న్యాయమొక్కటి కాదు.

సింగుగారు 1998 నుండి 2009 వరకు సీసీఎంబీకి డైరెక్టరుగా నుండిరి. డీఎన్ఏ పరీక్షలకు ప్రత్యేకముగ హైదరాబాదున మరియొక కేంద్రము నేర్పరుచుటలోను, అంతరించిపోవు జంతువులను గాపాడు ప్రయోగశాలను నెలకొల్పుటలోను వారి కృషి కలదు. 2004లో పద్మశ్రీ వచ్చినది. తాము చదివిన కాశీ విశ్వవిద్యాలయమునకే 2011 నుండి 2014 వరకు ఉపకులపతియైరి. బిరుదముల పట్టికను పొడిగింపము. మనకు పనికివచ్చు సంగతి మరియొకటి యున్నది.

వారును, సీసీఎంబీలోని తంగరాజుగారును, అమెరికాలోని హార్వర్డు పండితులును గలిసి 2009లో భారతజనుల పూర్వచరిత్రను డీఎన్ఏలో చదివిచూచిరి. 25 సముదాయములకు జెందిన 132 మంది నుండి అది తేలినది. మనవారందరును దాదాపు రెండు ప్రాచీనజనముల కలయికయే. పాళ్ళు మాత్రము వేరువేరు. కాని పిమ్మట సముదాయములు తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుటచేత, ఒక్కొక్కటి కొద్దిమంది పూర్వుల సంతతియై నిలిచినది. ఆ కొద్దిమందిలో నొకరికి రక్తమున దాగిన దోషమొకటి యుండినచో నేడు వేలమందికి వచ్చును. 2017లో మరింత విరివిగా 260కి పైగా సముదాయములను చూచి ప్రకటించిన వ్యాసమున మన తెలుగు వైశ్యుల యుదాహరణము కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకు వాడు మందొకటి కలదు. దానిని విరుచు ఎంజైము కొందరికి పుట్టుకనుండియే లోపించును. అట్టివారికి ఆ మందిచ్చినచో మామూలుగా నిమిషములలో తీరవలసిన సడలింపునకు బదులు గంటలతరబడి ఊపిరి తీయలేక యంత్రముపై నుండవలసివచ్చును. ఈ లోపము వైశ్య కుటుంబములలో ఇతరులకంటె హెచ్చుగా నున్నది. ఇది యే కులమునకును మచ్చ కాదు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. కాని ఆపరేషనుకు పోవునప్పుడు, మా యింట ఫలానావారికి మత్తు తరువాత మెలకువ రాక కష్టమైనదని మత్తుడాక్టరుతో ముందే చెప్పుట మంచిది. ఇంటి పెద్దముత్తైదువకు తెలిసినంత కుటుంబచరిత్ర ఏ ఆసుపత్రి కాగితమునను ఉండదు. మేనరికములను గూర్చి మేము వేరుగా వ్రాయవలసియున్నది. ఇది దానికంటె పాతదియు, లోతైనదియు నగు వ్యవహారము.

లాల్జీ సింగుగారు 2017 డిసెంబరు 10వ తేదీన వారణాసిలో హృద్రోగముచే దివంగతులైరి. వారు వాడిన పాత పద్ధతి నేడు వెనుకబడినది. ఇప్పుడు రేడియోధార్మికతతో గాని పాము పల్లవితో గాని పనిలేదు. దూదిపుల్లతో చెంప లోపల తుడిచిన చాలును. అయినను నేటి పరీక్షలలో చూచు స్థానములు కొన్ని అదే జీ-ఏ-టీ-ఏ పల్లవి గలవే.

జాబు వ్రాసిన సోదరికి: మీరు రెండవ పుటలో, వేరొకరి సంగతిగా వ్రాసి, ఇట్టి పరీక్షను తామే డబ్బిచ్చి చేయించుకొన వచ్చునా యని యడిగిరి. ప్రయివేటు ప్రయోగశాలలు కలవు. కాని అవతలివా డొప్పుకొననిదే అతని నమూనా దొరకదు. దొంగతనముగా తెచ్చినదానిని కోర్టువారు నమ్మరు. కనుక ఆమె మొదట మేజిస్ట్రేటు కోర్టున బిడ్డకు భరణము కోరుచు అర్జీ వేయవలెను. పరీక్షకు అచ్చటనే ప్రార్థింపవలెను. అతడు కోర్టు చెప్పిన తరువాతను రక్తమీయ నిరాకరించినచో ఆ నిరాకరణమును న్యాయాధిపతి అతనికి ప్రతికూలముగా నెంచవచ్చును. వకీలుకు డబ్బు లేదంటిరి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాకోర్టు ఆవరణలోను ఉన్నది. స్త్రీలకు వారు వకీలును ఉచితముగా నిత్తురు, ఆదాయమెంతయని యడుగరు. బిడ్డ పుట్టిన తేదీ కాగితము, ఉత్తరము లేమైన నుండిన అవియు తీసికొని పోవలెనని ఆమెతో చెప్పుడు. ఊరు విడిచి పోవలదని కూడ చెప్పుడు.